కొలబద్ద కారు

ముల్లు మేస్త్రీ షెడ్డుకి కారు తీసుకెళ్ళినవాడికి మీటరు బాగుపడేది, పరువు పాడయ్యేది. రెండు పనులూ ఒకే కూలిలో జరిగిపోయేవి కాబట్టి ఊళ్ళో ఎవరూ గట్టిగా ఫిర్యాదు చేసేవారు కాదు.

స్పీడోమీటరు తప్ప కారులో మరే భాగాన్నీ ముట్టనని ఆయన మీసాలు మొలిచిన కొత్తలోనే శపథం చేశాడు. ఇంజను పని ఆయన దృష్టిలో కండలున్న ప్రతివాడూ చేసే మోటు పని. బాడీ పనయితే చేతికి సుత్తి ఇస్తే పసిపిల్లాడైనా చేస్తాడు. కారు మొత్తానికి బుద్ధి ఉన్న అవయవం ఒక్కటే. అది డ్రైవరు ముందు గుండ్రంగా ఉంటుంది. దాని వెనకాల కూర్చున్న డ్రైవరు ఆ లెక్కలోకి రాడు.

షెడ్డు అంటే ఒక గదీ, దానికో రేకు తలుపూ. కిటికీ కింద బల్ల. బల్ల మీద అగ్గిపెట్టె మూతల్లో మీటరు ముళ్ళు, తల వెంట్రుకంత సన్నటి స్ప్రింగులు, ఒక పట్టకారు. నుదుటికి తాడుతో కట్టుకున్న భూతద్దాన్ని ఆయన రెండు సందర్భాల్లో కంటి మీదికి దించేవాడు: మీటరు లోపల చూడాల్సి వచ్చినప్పుడు, ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని తోచినప్పుడు. రెండోదే ఎక్కువసార్లు జరిగేది.

"మేస్త్రీ గారూ, ముల్లు వణుకుతోందండీ."

"వణకదా మరి? నువ్వు తోలడం రోజూ కళ్ళారా చూసేది అదొక్కటే. కేబులు ఎండిపోయింది. గ్రీజు పెట్టించి ఎన్నాళ్ళయింది?"

"గుర్తులేదండీ."

"దానికి గుర్తుంది. అందుకే వణుకుతోంది."

ముల్లు సున్నా దగ్గర చచ్చినట్టు పడి ఉంటే కేబులు తెగినట్టు. వెర్రెత్తినట్టు చివరంటా ఎగబాకితే లోపలికి నూనె దిగినట్టు. ఇవన్నీ ఆయన కారు ఎక్కకుండా, కారు యజమాని ముఖం చూసి చెప్పేవాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే. మాట తప్పయితే మనిషిని భరించవచ్చు. మాట కరెక్టయి, పైగా చీవాట్లు కూడా అయితే ఎలా?

రిపేరు ఏదైనా చివర్లో ఒక తంతు తప్పనిసరి. దాని పేరు జంట పరుగు. మేస్త్రీకి ఒక పాత కారు ఉంది, ఆయనకి పని నేర్పిన గురువు పోతూ పోతూ ఇచ్చింది. దాని మీటరు గురువు స్వయంగా సరిచేసినది కాబట్టి ప్రపంచంలో అదొక్కటే నిజం చెబుతుందని మేస్త్రీ నమ్మకం. ఊరవతల రోడ్డు మీద ఆ కారు ముందు నడిచేది, రిపేరైన కారు వెనక నడిచేది. తన ముల్లు నలభై మీదికి రాగానే మేస్త్రీ కిటికీలోంచి చెయ్యి చాపేవాడు. ఆ క్షణాన వెనకవాడి ముల్లు ఎక్కడుందో వాడు చూసుకోవాలి. తేడా ఉంటే షెడ్డుకి తిరిగొచ్చి స్ప్రింగు బిగించడమో వదులు చెయ్యడమో చేసి, మళ్ళీ పరుగు. రెండు ముళ్ళూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఊరివాళ్ళు ఆ కారుకి కొలబద్ద అని పేరు పెట్టారు. వెక్కిరించడానికే పెట్టారు గాని, మేస్త్రీ దాన్ని బిరుదుగా స్వీకరించాడు.

ఇంతటి మనిషికి లోకం నచ్చకపోవడంలో వింత లేదు. పెట్రోలు బంకాయన దొంగ: నాలుగేళ్ళ నుంచి కొలబద్ద మైలేజీ పడిపోయింది, కల్తీ కాకపోతే మరేమిటి? ఆ సంగతి ఆయన బంకుకి వెళ్ళిన ప్రతిసారీ, వెనక క్యూలో ఉన్నవాళ్ళకి వినబడేటట్టు ప్రకటించేవాడు. బస్సు డ్రైవర్లు సోమరులు: వాళ్ళు గంటలో వెళ్ళే ఊరికి ఆయన అదే వేగంతో తోలి గంట కాకముందే చేరేవాడు. అది తన చేతివాటమని ఆయన అభిప్రాయం. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు చక్రం దగ్గర కిర్రుమని ఒక మూలుగు వచ్చేది. అది బలమైన కార్లకే వస్తుందట.

అయితే ఈ అసహ్యాలన్నిటికీ మకుటం ఆయన బావమరిది.

బావమరిది చెయ్యని వ్యాపారం లేదు, చేసి నిలబెట్టినదీ లేదు. గొడుగులు అమ్మాడు, ఆ ఏడు వానలు పడలేదు. టైర్ల కొట్టు పెట్టాడు, ఏడాది తిరగకముందే మూసేశాడు. మూసేరోజు మిగిలిన సరుకులోంచి నాలుగు టైర్లు బావ కారుకి ఉచితంగా వేసి వెళ్ళాడు. అతను తన జీవితంలో ఇచ్చినదాన్ని మేస్త్రీ కాదనకుండా పుచ్చుకోవడం అదొక్కసారే. చివరికి ఒక బడి వ్యాను నడిపే ఉద్యోగం దొరికింది. డ్రైవరు పిల్లకి ఆ బళ్ళోనే ఉచితంగా చదువు. అతని కూతురు రెండో తరగతిలో చేరింది. మేస్త్రీ భార్య, అంటే అతని అక్క, ఆరోజు చాలాకాలం తర్వాత పాట పాడుకుంటూ గిన్నెలు తోమింది.

"ఎన్నాళ్ళుంటాడో చూద్దాం" అన్నాడు మేస్త్రీ.

ఒక శనివారం సాయంత్రం బావమరిది వ్యానుతో సహా షెడ్డు ముందు ఆగాడు. ముఖం చూడగానే మేస్త్రీ భూతద్దం దించుకున్నాడు.

"ఏం ముంచావురా ఈసారి?"

"నేనేం ముంచలేదు బావా. వ్యాన్లలో కొత్తగా ఏవో పెట్టెలు బిగించారు. ఎంత వేగంలో పోతున్నామో ఆఫీసులో కూర్చుని చూస్తారట. బడి పరిసరాల్లో నలభై దాటకూడదు. నేను రోజూ నలభై అయిదులో పోతున్నానని ఆ పెట్టె చెప్పిందట. సోమవారం వచ్చి లెక్క తేల్చుకుని పొమ్మన్నాడు మేనేజరు."

"పోయావా మరి నలభై అయిదులో?"

"లేదు బావా! ముల్లు నలభై మీద మేకు కొట్టినట్టు పెట్టి తోలాను. పిల్ల మీద ఒట్టు."

"పిల్లని మధ్యలోకి లాగకు. అది ఒక్కతే మీ ఇంట్లో బుద్ధిమంతురాలు."

"మీటరు తప్పని నువ్వొచ్చి ఒక్క మాట చెబితే ఉంచుతానన్నాడు. ఇది సరిచేసింది నువ్వే కదా! 'మీ బావ అంతటివాడు తన పని తప్పని చెబితే, అప్పుడు చూద్దాంలే' అని నవ్వాడు."

మేస్త్రీకి రెండు కోపాలు ఒకేసారి వచ్చి గుమ్మంలో ఇరుక్కున్నాయి. మేనేజరు నవ్వడం ఒకటి. తన ముల్లుని శంకించడం రెండోది. ఆ మీటరు ఆయన కిందటేడు విప్పి, కడిగి, జంట పరుగులో కొలబద్దతో కలిపినది.

"పద" అన్నాడు. "నీ అబద్ధం ఎంత పొడుగో కొలుద్దాం."

ఊరవతల రోడ్డు మీద కొలబద్ద ముందు, వ్యాను వెనక నడిచాయి. మేస్త్రీ చెయ్యి చాపాడు. ఆగి, దిగి, వ్యాను దగ్గరికి వచ్చాడు.

"ఎంతుంది?"

"నలభై" అన్నాడు బావమరిది.

"ఇంకోసారి." ఇంకోసారీ నలభయ్యే. అచ్చు గుద్దినట్టు నలభై. మేస్త్రీ ముఖంలో న్యాయమూర్తి ప్రసన్నత వెలిసింది. "మీటరు బంగారం. ఇక మిగిలింది నువ్వు."

బావమరిది జేబులోంచి ఫోను తీశాడు. "బావా, ఇది కూడా వేగం చెబుతుంది. ఇందాక నువ్వు చెయ్యి చాపినప్పుడు ఇందులో నలభై అయిదని నమోదైంది. చూడు."

మేస్త్రీ ఫోను వైపు, కాలికి తగిలిన దాన్ని చూసినట్టు చూశాడు. "అది నీ జేబులో ఉందా, చక్రానికి కట్టి ఉందా?"

"జేబులో."

"జేబులో ఉన్నదానికి చక్రం సంగతేం తెలుసురా? అది ఆకాశంలోకి చూసి చెబుతోంది. నేను నేల చూసి చెబుతున్నాను. ఇంటికి పో. సోమవారం పోయి లెక్క తేల్చుకో."

కేసు కొట్టివేయబడింది. అయితే ఆ ఇంట్లో అప్పీలుకి ఇంకో కోర్టు ఉందని మేస్త్రీ మర్చిపోయాడు.

రాత్రి అన్నం వడ్డించింది భార్య. కూర రెండోసారి అడిగితే గిన్నె ఆయన ముందుకి జరిపింది, గరిటె వెయ్యలేదు. తిన్నాక అంది:

"వాడికి లక్ష అవలక్షణాలున్నాయి. ఒప్పుకుంటాను. కానీ పిల్ల మీద ఒట్టేసి అబద్ధం చెప్పడు."

"మీటరు కూడా చెప్పదు. నేను చూశాను."

"దేన్ని పక్కన పెట్టుకుని చూశారు? మీ కారునే కదా? మీ గురువుగారు రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు చూసి ముల్లు పెట్టేవారని మీరే చెప్పారు. అరవైలో పోతే రాయికీ రాయికీ మధ్య సరిగ్గా నిమిషం పట్టాలట. రేపు పోదాం. వాచీ నేను పట్టుకుంటాను."

"రాళ్ళతో సరిచూసిన కారునే మళ్ళీ రాళ్ళతో సరిచూస్తారటే ఎవరైనా?"

"భయమైతే మానేద్దాం."

మేస్త్రీ ఆ రాత్రి భయం అనే మాటని చాలాసేపు నమిలాడు. మర్నాడు పొద్దున్నే కొలబద్ద తుడిచి సిద్ధంగా ఉంచాడు. అక్క వెనక సీట్లో, తమ్ముడు ముందు సీట్లో కూర్చున్నారు. కూర్చోమన్నందుకు తమ్ముడే ఆశ్చర్యపోయాడు. తలుపు ముయ్యడానికి కూడా అనుమతి అడిగాడు.

ముల్లు అరవై మీద నిలిచింది. రాయి దాటింది. "ఊఁ" అన్నాడు మేస్త్రీ. భార్య వాచీ మీదికి వంగింది.

"రాయి వచ్చేసిందండీ. నిమిషం ఇంకా కాలేదు."

"నీ వాచీ నిదానం."

"మీ వాచీయే. మీ చేతిదే తీసుకున్నా."

తర్వాతి రాయీ ముందుగానే వచ్చింది. బావమరిది వాచీతో చూసినా ముందుగానే వచ్చింది. రాళ్ళన్నీ పెళ్ళివారి కంటే తొందరగా ఎదురొస్తున్నాయి. మేస్త్రీ నుదురు ముడిపడింది. కారు పక్కకి తీసి ఆపాడు. ఆలోచించాడు. తీర్పు చెప్పాడు.

"రాళ్ళు దగ్గరగా పాతారు. రోడ్డువాళ్ళు ప్రతి కిలోమీటరులోనూ ఒక ముక్క తినేశారు."

"ప్రతి దాంట్లోనా బావా?"

"తినడం మొదలెట్టినవాడు ఒక్క రాయితో ఆగుతాడా? డిక్కీలో టేపుంది, తీసుకురా. రాయి నుంచి రాయికి కొలువు."

"కిలోమీటరంతా టేపుతోనా?"

"నీకు సోమవారం దాకా వేరే పనుందా?"

బావమరిది డిక్కీ తెరిచాడు. టేపు అట్టడుగున, స్టెప్నీ కింద ఉంది. ఆ స్పేరు చక్రాన్ని బయటికి లాగి, కారు వెనక చక్రానికి ఆనించి నిలబెట్టి, మళ్ళీ డిక్కీలోకి వంగాడు. కిటికీలోంచి చూస్తున్న అక్క ఉన్నట్టుండి కారు దిగింది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

"ఏమిటి?"

"ఇదేంటి, తల్లి పక్కన పిల్లలా నిలబడింది?"

మేస్త్రీ వచ్చి చూశాడు. స్టెప్నీ పాతది, కారుతో పాటు గురువిచ్చినది. దానికీ, కారుకున్న చక్రానికీ ఎత్తులో నాలుగు వేళ్ళ తేడా ఉంది. ఆయన నాలుగు వేళ్ళూ పెట్టి మరీ చూశాడు. తర్వాత, అవసరం లేకపోయినా, భూతద్దం దించుకుని చూశాడు. భూతద్దంలో తేడా ఇంకా పెద్దదిగా కనబడింది.

చక్రం పెద్దదైతే అంతే దూరానికి తక్కువసార్లు తిరుగుతుంది. మీటరు లెక్కపెట్టేది తిరగడాన్నే గాని దూరాన్ని కాదు. కారు నలభై అయిదులో పోతుంటే నలభయ్యే అంటుంది. ఈ సంగతి ఆయన ఊళ్ళో ఎంతమందికి చెప్పాడో! "టైరు సైజు మార్చి, మీటరు తప్పంటావా? చెప్పులు మార్చి, కాళ్ళు పెరిగాయన్నాడట నీలాంటివాడే" అని ఒక టాక్సీ డ్రైవరుని అందరి ముందూ కడిగేశాడు. ఆ డ్రైవరు అప్పుడు నిలబడి విన్నది సరిగ్గా ఈ టైర్ల పక్కనే.

"నువ్వే కదరా నాలుగేళ్ళ కిందట వేశావు ఇవి!" అన్నాడు మేస్త్రీ. గొంతులో పాత బలం కోసం వెతుక్కున్నాడు, సగమే దొరికింది.

టేపు పట్టుకుని బావమరిది నిటారుగా నిలబడ్డాడు. "నేనే వేశాను. వేసేటప్పుడు అడిగాను బావా. 'ఇవి కాస్త పెద్దవి, ఫర్వాలేదా' అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

మేస్త్రీకి గుర్తుంది. గుర్తులేనట్టు కిలోమీటరు రాయి వైపు చూశాడు.

"'టైరు గుండ్రంగా ఉంటే చాలు, మిగతాది నీకు అర్థం కాదు' అన్నావు."

భార్య నవ్వలేదు. నవ్వకపోవడానికి ఆవిడ పడిన శ్రమ మాత్రం నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద స్పష్టంగా కనిపించింది.

తిరుగు ప్రయాణంలో మలుపు దగ్గర స్టీరింగు తిప్పితే చక్రం కిర్రుమని మూలిగింది, ఈసారి బలానికి గుర్తుగా కాదు, పెద్ద టైరు బాడీకి రాసుకుని. మేస్త్రీ మనసులో నాలుగేళ్ళ విజయాలు ఒక్కొక్కటే తిరగబడ్డాయి. గంట కాకముందే ఊరు చేరడం చేతివాటం కాదు. మైలేజీ పడిపోవడం కల్తీ కాదు, మీటరు దూరాన్ని తక్కువ లెక్కేసుకోవడం. అన్నిటికంటే ఘోరం, ఊళ్ళో ఆయన ముట్టిన ప్రతి ముల్లునీ, నిజం చెబుతున్నదాన్ని కూడా, మెడ పట్టి వంచి, ఈ కారుతో కలిపి అబద్ధం చెప్పించాడు. ఊరు ఊరంతా నలభై అనుకుంటూ నలభై అయిదులో తిరుగుతోంది. కార్లన్నీ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అందరి మీదా ఇన్నాళ్ళు ఉమ్మిన మనిషికి గాలి ఎదురు తిరిగితే ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసింది.

ఇక రెండే దారులు. నోరు మూసుకుంటే, ఆయన పేరు ఉంటుంది, బావమరిది ఉద్యోగమూ పిల్ల చదువూ పోతాయి. నోరు తెరిస్తే, పిల్ల బళ్ళో ఉంటుంది, ముల్లు మేస్త్రీ అనే పేరు మర్నాటికి ఊళ్ళో పొట్ట చెక్కలయ్యే జోకవుతుంది. సోమవారం పొద్దున్నే భార్య ఇస్త్రీ చేసిన చొక్కా మంచం మీద పెట్టి ఉంచింది.

బడి మేనేజరు గది చిన్నది, అందులో బల్ల పెద్దది. బల్ల మీద అద్దం, అద్దం మీద ఒక గంట. మేస్త్రీని చూడగానే మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. కిందటి చలికాలంలో తన కారు మీటరు బాగుచేయించుకోవడానికి వెళ్ళి, "చదువుకున్నవాళ్ళకి ముల్లు ఎందుకండీ, గాలికే కొట్టుకుపోతారు" అనిపించుకుని వచ్చిన గాయం అతనికి ఇంకా పచ్చిగానే ఉంది.

"రండి రండి. అయితే మీ బావమరిది అబద్ధం చెప్పలేదంటారు?"

"వాడు చెప్పిన అబద్ధాలు చాలా ఉన్నాయి. ఇది వాటిలోది కాదు."

"అయితే మీటరు తప్పు."

"మీటరు పాపం నేను చెప్పమన్నదే చెప్పింది."

"మరి తప్పెవరిదండీ?"

గుమ్మం దగ్గర నిలబడ్డ బావమరిది తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. తుప్పు పట్టిన కేబులులా ఆ మాట మధ్యలో రెండుసార్లు ఆగి, బయటికి వచ్చింది.

"నాది."

మేనేజరు గంట కొట్టాడు. పక్క గదిలోంచి గుమాస్తా వచ్చాడు. "ఇతను కూడా వినాలి. ఇంకోసారి చెప్పండి."

మేస్త్రీ ఆ గంటని, గుమాస్తాని, బల్లని, బల్ల వెనక మనిషిని చూశాడు. నిన్నట్నుంచి చచ్చుబడి ఉన్నదేదో లోపల కదిలింది.

"తప్పు నాది. నా కారుకి పెద్ద టైర్లు వేసుకుని, దాన్ని చూసి అందరి ముళ్ళూ సరిచేశాను. వ్యానుదీ అలాగే చేశాను. మీ కారుదీ అలాగే చేశాను."

"నా కారుదా?"

"చలికాలంలో వచ్చారుగా. అంటే, రోజూ ఈ బడి గేటు ముందు మీరు నలభై అనుకుంటూ పోయేది నలభై అయిదులో. మీ కారులో ఆ పెట్టె బిగించలేదు కాబట్టి, మిమ్మల్ని లెక్క తేల్చుకుని పొమ్మని ఎవరూ అనలేదు."

గుమాస్తాకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. దగ్గడానికి బయటికి వెళ్ళాల్సినంత పెద్ద దగ్గు. మేనేజరు అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు. మీటరు సరిచేయించాక వ్యాను తియ్యవచ్చని, ఈ విషయం బయట అంతగా చెప్పనవసరం లేదని అన్నాడు.

"చెప్పక తప్పదు" అన్నాడు మేస్త్రీ లేస్తూ. "ఊళ్ళో అందరివీ విప్పాలి."

ఆ వారమంతా ఊరు నవ్వింది. టాక్సీ డ్రైవరు తన చెప్పులు విడిచి ఒక చేత, కొత్త చెప్పులు ఒక చేత పట్టుకుని షెడ్డు ముందుకొచ్చి, "మేస్త్రీ గారూ, నా కాళ్ళు పెరిగాయేమో కాస్త చూస్తారా?" అని అడిగి వెళ్ళాడు. మేస్త్రీ విన్నాడు. తల వంచుకుని కాదు, మీటరు విప్పుతున్నట్టు నటిస్తూ విన్నాడు.

తర్వాతి ఆదివారం రాళ్ళ రోడ్డు మీద కార్లు బారు తీరాయి. కొలబద్ద సరైన టైర్లతో ఒక పక్కన నిలబడి ఉంది, ఇప్పుడు దాన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. కిలోమీటరు రాయి మీద వాచీతో మేస్త్రీ కూర్చున్నాడు. ఒక్కో కారునీ బావమరిది కిందటి రాయి దాటుతూ లైట్లు వెలిగించి, అరవైలో నడిపి తెస్తున్నాడు. అతని చేతిలో ముల్లు నిజంగానే మేకు కొట్టినట్టు నిలబడుతోందని మేస్త్రీ గమనించాడు. గమనించినట్టు చెప్పలేదు.

వరసలో పెట్రోలు బంకాయన వంతు వచ్చింది. మీటరు సరిచేసి ఇచ్చాక కూడా ఆయన కారెక్కలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, వెనక ఉన్నవాళ్ళకి వినబడేటట్టు అడిగాడు:

"మీటరు సంగతి సరే మేస్త్రీ. నా పెట్రోలు సంగతేమిటి?"

వెనక కారెక్కిన బావమరిది నవ్వు దాచుకోవడానికి స్టీరింగు మీదికి వంగాడు. మేస్త్రీ వాచీకి కీ తిప్పాడు. అవసరమైనదాని కంటే ఎక్కువే తిప్పాడు.

"బాగానే ఉంది" అన్నాడు రాయి వైపు చూస్తూ.

"ఏమిటీ? వినబడలేదు."

మేస్త్రీ తలెత్తాడు. భూతద్దం కంటి మీదికి దించుకున్నాడు.

"మీ పెట్రోలు శుభ్రంగా ఉందన్నాను. గేరు మార్చడం మాత్రం పరమ కల్తీ. ఇందాక వస్తూ రెండో గేరులో ఏడిపించారే, ఆ కారుకి నోరుంటే మీ బంకు గుమ్మం తొక్కేది కాదు. జరగండి, వెనకవాళ్ళున్నారు."

బంకాయన ముఖం ఎర్రబడింది. అయినా కారెక్కుతూ వెనకవాడితో, "ఫర్వాలేదు, మనిషి బాగానే ఉన్నాడు" అన్నాడు.